పేగుల్లోకి వచ్చే యాత్రికులు: పెరుగు, అంబలితో పన్నెండు వారాల నడుము పథకం

"పెరుగు మానేస్తే సన్నబడతానా అక్కా?" అని మా ఎదురింటి ఇల్లాలు అడిగింది. అడిగిన మూడు రోజులకే ఆమె భర్త మెడికల్ షాపు నుంచి ప్రోబయాటిక్ గుళికల డబ్బా పట్టుకొచ్చాడు. అంటే ముందు తలుపు నుంచి సూక్ష్మజీవులను పంపించేసి, పెరటి తలుపు నుంచి డబ్బు పెట్టి మళ్ళీ పిలిపించుకోవడం. పరగడుపున తీయించుకున్న రక్తపరీక్షలో ఆమెకు చక్కెర 108 వచ్చింది. డాక్టరు మందు రాయలేదు. నడుము తగ్గించుకుని మూడు నెలల తరవాత రమ్మన్నారు. ఆ మూడు నెలలు ఏం చేయాలో ఆమెకు ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. దాన్నే ఇక్కడ విడమరిచి చెబుతున్నాను.

ముందుగా, ఎంత ఆశించాలి

ప్రోబయాటిక్స్ అంటే తగినంత మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ కలిసి 2001లో ఇచ్చిన నిర్వచనం ఇది. ఇందులో "తగినంత", "సజీవ" అనే రెండు మాటలను గుర్తు పెట్టుకోండి. మున్ముందు వాటితోనే పని.

ఊబకాయానికీ పేగుల్లోని సూక్ష్మజీవులకూ సంబంధం ఉందన్న మాట గట్టిగా వినిపించింది 2006లో. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జెఫ్రీ గోర్డన్ బృందం లావు ఎలుకల పేగుల్లోని సూక్ష్మజీవులను, ఏ సూక్ష్మజీవులూ లేకుండా పెంచిన ఎలుకల్లోకి ఎక్కించింది. సన్న ఎలుకల నుంచి అందుకున్న వాటి కన్నా ఈ ఎలుకలకు కొవ్వు ఎక్కువ పట్టింది. ఆ వార్త నుంచి గుళికల ప్రకటనల దాకా కథ చాలా వేగంగా పరుగెత్తింది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ వేగం లేదు. 957 మందిపై జరిగిన 15 పరీక్షలను ఒకచోట చేర్చి 2018లో లెక్క చూస్తే, ప్రోబయాటిక్స్ వాడినవారు వాడనివారి కన్నా సగటున తగ్గిన బరువు 600 గ్రాములు. అవి మూడు నుంచి పన్నెండు వారాలు సాగిన పరీక్షలు.

అరకిలో పైచిలుకు. పెరుగు గిన్నె నుంచి ఐదు కిలోలు ఆశించేవారికి ఈ లెక్క నచ్చదు. అయినా నాకు ఇది పనికిమాలిన సంఖ్యగా కనబడదు. ఎందుకంటే ఇక్కడ చూడవలసింది బరువు ఒక్కటే కాదు. జపాన్‌లో పొట్ట కొవ్వు ఉన్న 87 మందితో జరిగిన పరీక్షలో, లాక్టోబాసిల్లస్ గాసెరి అనే బాక్టీరియాలోని ఒక రకంతో పులియబెట్టిన పాలను రోజుకు 200 గ్రాముల చొప్పున పన్నెండు వారాలు ఇచ్చారు. లోపలి అవయవాల చుట్టూ పేరుకున్న కొవ్వు 4.6 శాతం తగ్గింది. ఇది 2010 నాటి మాట. తరవాత 210 మందితో మళ్ళీ చేసినప్పుడు ఇంకొకటి బయటపడింది. తాగడం ఆపిన నాలుగు వారాలకే ఆ ఫలితం నీరుగారడం మొదలైంది.

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళకు దీన్ని వేరే వివరించనక్కరలేదు. రైల్వే స్టేషన్లో దిగే యాత్రికులు ఊళ్ళో కాపురం పెట్టరు. దర్శనం చేసుకుంటారు, తిరుగు బండి ఎక్కుతారు. కానీ వాళ్ళు రోజూ వస్తుండబట్టే ఊరు నడుస్తోంది. పెరుగులోని సూక్ష్మజీవులూ అంతే. చాలావరకు పేగుల్లో స్థిరపడవు. దారిలో చేయగలిగిన పని చేసి వెళ్ళిపోతాయి. ఆదివారం ఒక లీటరు తాగి, వారమంతా మరచిపోతే లాభం లేదు. రోజూ కొంత కావాలి.

లోపల జరిగే పని

మనం అరిగించుకోలేని పీచు పెద్దపేగుకు చేరితే అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారవుతాయి. ఇవి పేగు గోడలోని కణాలను తట్టి జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లను విడుదల చేయిస్తాయి. "ఇక చాలు" అన్న కబురు మెదడుకు వెళుతుంది. ఇప్పుడు అందరి నోటా వినబడుతున్న, వారానికొకసారి వేసుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్లు అనుకరించేది ఆ జీఎల్‌పీ-1నే. ఇంజెక్షన్ లోపలికి తోసుకు వస్తుంది, పీచు తలుపు మీద వేలితో తడుతుంది. రెండింటి బలం ఒకటి కాదు.

రెండో పని గోడ కాపలా. పేగు గోడ సడలితే కొన్ని బాక్టీరియాల పైపొరలోని విషపదార్థం రక్తంలోకి జారుతుంది. దానివల్ల ఒంట్లో సన్నని సెగలాంటి వాపు నిలిచిపోతుంది, ఇన్సులిన్ మాట కణాలు వినడం తగ్గుతుంది. దీన్ని ఎలుకల్లో 2007లో చూపించారు. పొట్ట, చక్కెర, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు, రక్తపోటు ఒకదాని వెంట ఒకటి రావడానికి ఉన్న అనేక దారుల్లో ఇది ఒకటి.

మొదటి అడుగు: టేపు

బరువు చూసే యంత్రం కన్నా దర్జీ టేపు మనకు ఎక్కువ చెబుతుంది. ఉదయం కాలకృత్యాలు ముగించుకుని, ఏమీ తినకముందు కొలవాలి. కింది పక్కటెముక అంచునూ తుంటి ఎముక పై అంచునూ వేలితో తడిమి పట్టుకోండి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక అంకె చూడండి. చీర కుచ్చిళ్ళ దగ్గరో, ప్యాంటు బెల్టు దగ్గరో కొలిస్తే అది బట్టల కొలత అవుతుంది. మనవాళ్ళకు మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట కొవ్వు ఎక్కువైనట్టు. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ లెక్క 23 దాటితే అధిక బరువు, 25కు చేరితే ఊబకాయం. బయటి దేశాల పట్టికల్లో ఇవి 25, 30. ఆ పట్టిక చూసుకుని నిశ్చింతగా ఉన్నవారిని ఎందరినో చూశాను.

రక్తపరీక్ష కూడా ఒకటి చేయించండి. పరగడుపు చక్కెర, రెండు మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొవ్వుల వివరాలు చాలు. భారతీయ వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్త సర్వే 2023లో చెప్పిన ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు, దాని గడపలో నిలబడినవారు 13.6 కోట్లు. పరగడుపు చక్కెర 100 నుంచి 125 మధ్య ఉంటే ఆ గడపలో ఉన్నట్టే. ఎదురింటామె నడుము 94 వచ్చింది. టేపు తప్పు చూపిస్తోందని ఇంకోసారి కొలిపించుకుంది. అదే 94.

రెండో అడుగు: తోడు

ఇక్కడ కాస్త నిదానంగా వెళదాం. పథకం నిలబడేది ఈ గిన్నె మీదే.

ముందు పాల సంగతి. మా చిత్తూరు వైపు పాడికి లోటు లేదు, గేదె పాలు ఇంటి ముందుకే వస్తాయి. గేదె పాలలో వెన్న ఆరేడు శాతం ఉంటుంది. ప్యాకెట్లలో ఫుల్ క్రీమ్ పాలు 6 శాతం, టోన్డ్ 3, డబుల్ టోన్డ్ 1.5. ఇద్దరికి రోజుకు 400 మిల్లీలీటర్ల పాలు తోడేస్తే, ఫుల్ క్రీముకూ డబుల్ టోన్డుకూ మధ్య తేడా 18 గ్రాముల వెన్న, అంటే సుమారు 160 కేలరీలు. సూక్ష్మజీవులకు వెన్నతో పని లేదు, వాటికి కావలసింది పాలలోని చక్కెర. కాబట్టి గేదె పాలే వాడేవారు కాచి చల్లార్చి మీగడ తీసేయండి. గడ్డ పెరుగు మీద మమకారం చంపుకోలేనివారు మట్టి ముంతలో తోడు పెట్టండి. ముంత నీరు పీల్చుకుంటుంది కనుక పలుచని పాల పెరుగు కూడా గట్టిగానే కనిపిస్తుంది.

పాలు ఒక పొంగు వచ్చాక మంట తగ్గించి ఐదు నిమిషాలు మరగనివ్వండి. అడ్డమైన క్రిములు చావాలి, మనం పిలిచిన చుట్టానికి పోటీ ఉండకూడదు. తరవాత చల్లార్చాలి. శుభ్రమైన చిటికెన వేలు పెట్టి పది అంకెలు లెక్కపెట్టగలిగితే చాలు, అది నలభై డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. అంతకన్నా వేడిగా ఉండగా తోడేస్తే కొన్ని చస్తాయి, పెరుగు నీళ్ళు వదులుతుంది. మరీ చల్లారితే బద్ధకిస్తాయి, పెరుగు జిగురుగా సాగుతుంది. అరలీటరుకు ఒక చెంచా తోడు చాలు. గిన్నె అడుగున తోడును రెండు చెంచాల పాలతో మెదిపి, ఆ తరవాతే మిగతా పాలు పోయండి. ఎక్కువ తోడేస్తే ఎక్కువ మంచి పెరుగు అవుతుందనుకోవడం పొరపాటు, పులుపే ముందు వస్తుంది.

తిరుపతి ఎండాకాలం సంగతి మీకు తెలుసు. మే నెలలో మా వంటింట్లో నాలుగు గంటల్లోనే తోడుకుంటుంది. రాత్రి భోజనాలయ్యాక తోడేసి పడుకుంటే తెల్లారేసరికి పెరుగు నాలుక మీద కొరుకుతుంది. ఆ నెలల్లో తెల్లవారుజామున తోడేసి, పేరుకోగానే ఫ్రిజ్‌లో పెట్టేయడం మేలు. డిసెంబరులో, ముఖ్యంగా పలమనేరు, మదనపల్లె వైపు చలికి, గిన్నెకు తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో దించాలి. తోడు పాడైపోతే కంగారు వద్దు. నాలుగు ఎండుమిరపకాయలను తొడిమలతో సహా గోరువెచ్చని పాలలో వేసి కదపకుండా ఉంచండి. తొడిమల మీద ఉండే బాక్టీరియాతో పాలు విరుగుతున్నట్టుగా పేరుకుంటాయి. ఆ మొదటి విడత రుచిగా ఉండదు, దాంతో ఇంకో గిన్నె తోడేసుకోండి.

ఇక నిజం చెప్పుకోవాలి. ఇంటి పెరుగులో ఏ రకం బాక్టీరియా ఎంత ఉందో ఎవరూ లెక్కపెట్టి చెప్పలేదు కనుక, నిర్వచనం ప్రకారం దాన్ని "పులిసిన ఆహారం" అనాలి గాని ప్రోబయాటిక్ అనకూడదు. ఆ జపాన్ పాలకూ మా ఇంటి గిన్నెకూ ఫలితం ఒకటే వస్తుందని నేను హామీ ఇవ్వను. మరి ఎందుకు తినాలి? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో 36 మందికి పది వారాలు ఆహారం మార్చి చూశారు. పెరుగు లాంటి పులిసిన పదార్థాలు ఎక్కువగా తిన్నవారి పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రక్తంలో వాపును సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయి. 2021లో వచ్చిన ఈ ఫలితం ఏ ఒక్క గుళికతోనో వచ్చింది కాదు.

మొదటి రెండు వారాలు ఇదొక్కటే చేయండి. మధ్యాహ్నం ఒక చిన్న కప్పు పెరుగు, సాయంత్రం ఒక గ్లాసు మజ్జిగ. ఆ సాయంత్రం గ్లాసు ఊరికే పెట్టింది కాదు. బజ్జీ, చక్కెర వేసిన కాఫీ ఉన్న చోటులోకి అది రావాలి. వాటికి తోడుగా మజ్జిగ కూడా తాగితే నడుము పెరుగుతుందే గాని తగ్గదు. తాలింపు పెట్టేవారు నూనెను పూర్తిగా చల్లారనిచ్చి కలపండి. సలసల కాగే పోపు, పొగలు కక్కే అన్నం రెండూ బతికి ఉన్నవాటిని చంపేవే. దద్ధోజనం కలిపేటప్పుడూ అన్నం చల్లారాకే పెరుగు వేయండి.

మూడో అడుగు: రాగి అంబలి

మూడో వారం నుంచి ఉదయం పలహారం మారుతుంది. ఇద్దరికి ఐదు పెద్ద చెంచాలు, అంటే సుమారు 60 గ్రాముల రాగిపిండిని ఒక గ్లాసు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, రాత్రంతా మూత పెట్టి ఉంచండి. తెల్లారేసరికి పిండి అడుగుకు చేరి, పైన తేటలో చిన్న బుడగలు, ముక్కుకు తేలికైన పుల్లని వాసన తగలాలి. కుళ్ళు వాసనో, పైన రంగు బూజో కనిపిస్తే మొహమాటపడకుండా పారబోయండి. మూడు గ్లాసుల నీళ్ళు మరిగించి, ఈ పిండిని సన్నని ధారగా పోస్తూ తెడ్డుతో కలుపుతూ చిన్న మంట మీద పది నిమిషాలు ఉడికించాలి. పిండి రంగు ముదిరి, తడి చేత్తో తాకితే అంటకుండా ఉంటే ఉడికినట్టు.

చాలామంది పొరబడేది ఇక్కడే. రాత్రి పులిసింది కదా, సూక్ష్మజీవులు దండిగా ఉన్నాయనుకుంటారు. ఉడికించగానే అవి పోయాయి. పులియబెట్టిన లాభం వేరు. ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్ తగ్గి ఇనుము, కాల్షియం ఒంటికి పడతాయి. బతికి ఉన్నవి కావాలంటే అంబలి పూర్తిగా చల్లారాక గ్లాసున్నర చిక్కని మజ్జిగ చిలికి కలపాలి. తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి ముక్క, తక్కువ ఉప్పు. ఉల్లి రుచికే కాదు, అది సూక్ష్మజీవులకు మేత.

వంద గ్రాముల రాగిలో పీచు 11 గ్రాములు, తెల్ల బియ్యంలో మూడు గ్రాములకు లోపే. అలాగని రాగి పేరు చెప్పి పిడికెడు ముద్దను తలకాయంత చేయకండి. మెత్తని పిండితో చేసిన జావ, సంకటి కూడా చక్కెరను పెంచుతాయి. "రాగే కదా" అంటూ రెండు ముద్దలు, పైన నాటుకోడి పులుసు, పక్కన ఊరుబిండి వేసుకున్న చేతికి సూక్ష్మజీవులు అడ్డం పడలేవు.

చద్దన్నం అడుగుతారని తెలుసు. పెట్టవచ్చు, కాని అన్నాన్ని గంటల తరబడి గిన్నెలో వదిలేసి తరవాత నీళ్ళు పోయకూడదు. ఉడికినా చావని బాసిల్లస్ సీరియస్ బీజాలు ఆ పొడి అన్నంలో మొలకెత్తి విషం వదులుతాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వేడి తగ్గగానే నీళ్ళు పోసి, ఒక చెంచా మజ్జిగ కలిపి, తెల్లారగానే తినేయాలి. కొలత మామూలు అన్నానిదే.

ఇడ్లీ, దోసె పిండి చక్కగా పులుస్తుంది గాని ఆవిరి, పెనం తగిలాక బతికి ఉండేది ఏదీ లేదు. ఆవకాయను నిలవ ఉంచేది పులియడం కాదు, ఉప్పు, నూనె, కారం. దాన్ని ప్రోబయాటిక్ అని వాట్సాప్‌లో పంపేవారికి ఒక నమస్కారం. అలాగని చచ్చిన సూక్ష్మజీవి పూర్తిగా వృథా అనీ చెప్పలేము. అకర్మాన్సియా అనే బాక్టీరియాను మూడు నెలలు ఇచ్చి చూసిన చిన్న పరీక్ష 2019లో వచ్చింది. అందులో సజీవంగా ఇచ్చినదాని కన్నా వేడి చేసి చంపి ఇచ్చినదే ఇన్సులిన్ పనితీరును, కొలెస్టరాల్‌ను బాగా మెరుగుపరిచింది. శాస్త్రం ఇలాగే మన పాఠాలను గీకేస్తుంటుంది.

నాలుగో అడుగు: అన్నదానం

యాత్రికులు వస్తే అన్నం పెట్టాలి కదా. ఐదో వారం నుంచి పీచు పెంచండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో పెద్దవారికి చెప్పిన కొలత రోజుకు కనీసం 25 గ్రాముల పీచు, 400 గ్రాముల కూరగాయలు, పండ్లు. ఇందుకు విదేశీ గింజలు ఏవీ వెతకనక్కరలేదు. ఉలవలు, అలసందలు, పొట్టు పెసలు, చిక్కుడు, గోరుచిక్కుడు, అరటికాయ, వెల్లుల్లి చాలు. చలికాలంలో అనపకాయలు వస్తే ఇక చెప్పేదేముంది. గింజలు రాత్రి నానబెట్టి, ఉదయం ఒక్కొక్కటిగా వేళ్ళతో పితికి, పొట్టు వదిలించి పితికిపప్పు కూర చేస్తాం. పీచు కోసమైతే వారానికి ఒకసారి పితకకుండా పొట్టుతోనే వండండి. మా అత్తగారు ఈ మాట విని రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, గాలి తిరుగుతుంది. అది రోగం కాదు, తొందరపాటు. వారానికి ఒక్క కొత్త పదార్థం చొప్పున చేర్చండి, నీళ్ళు ఎక్కువ తాగండి.

ఐదో అడుగు: గుళికలు కొనాలా

ఎనిమిది వారాలు పై పని చేశాక కూడా కొనాలనిపిస్తే, డబ్బా వెనక్కి తిప్పండి. ప్రజాతి, జాతి పేర్లతో పాటు రకాన్ని సూచించే అక్షరాలో అంకెలో ఉండాలి. ఉత్త "లాక్టోబాసిల్లస్" అంటే ఇంటి పేరు మాత్రమే చెప్పి మనిషిని వెతకమన్నట్టు. మీ సమస్య మీద ఆ రకాన్నే పరీక్షించారా అన్నది డాక్టరును అడగండి. తయారైన రోజు కాదు, గడువు ముగిసే రోజుకు ఎన్ని బతికి ఉంటాయో రాసి ఉండాలి. వంద కోట్లు, వెయ్యి కోట్లు అని కనిపిస్తే బెదరకండి. మంచి పెరుగుకు అంతర్జాతీయ ప్రమాణమే గ్రాముకు కోటి, అంటే వంద గ్రాముల కప్పులో వంద కోట్లు. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉందో లేదో చూడండి. "చల్లని చోట ఉంచండి" అని ఉన్న డబ్బాను రేకుల కప్పు కింద పై అరలో పెట్టిన దుకాణంలో కొనకండి. నేను ఒకసారి కొని, స్కూటర్ డిక్కీలో పెట్టి, మే నెల మధ్యాహ్నం పెళ్ళికి వెళ్ళి వచ్చాను. ఆ తరవాత మింగినవి గుళికలు కాదు, అంత్యక్రియలు.

తియ్యని చిన్న సీసాల విషయంలో చేర్చిన చక్కెర వరస చదవండి. ప్రతి నాలుగు గ్రాములూ ఒక చెంచా.

వీరు ఆగాలి

తీవ్రమైన జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నవారు, క్యాన్సర్ మందులో అవయవ మార్పిడి మందులో వాడుతూ రోగనిరోధక శక్తి తగ్గినవారు డాక్టరు చెప్పనిదే గుళికలు ముట్టకూడదు. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన క్లోమం వాపు ఉన్న రోగులకు ప్రోబయాటిక్స్ ఇచ్చిన పరీక్ష 2008లో వెలువడింది. మరణాలు ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో 6 శాతం, ప్రోబయాటిక్స్ ఇచ్చినవారిలో 16 శాతం. కిడ్నీ జబ్బు ఉన్నవారు పెరుగు, రాగి, పప్పుల కొలత వైద్యులనే అడగాలి. మధుమేహం మాత్రలు వేసుకునేవారు మజ్జిగను నమ్మి వాటిని ఆపకండి. యాంటీబయాటిక్ వాడిన తరవాత గుళికలు తప్పనిసరి అనే అలవాటు ఉంది. ఇజ్రాయెల్ పరిశోధకులు 2018లో చూస్తే, వాటివల్ల సొంత సూక్ష్మజీవులు తిరిగి నిలదొక్కుకోవడం ఇంకా ఆలస్యమైంది.

పన్నెండో వారం

అదే టేపు, అదే వేళ, అదే చోటు. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటు చెబుతుంది కనుక ఇప్పుడే మళ్ళీ చేయించాలి. నడుము తగ్గకపోతే తోడు మార్చకండి, కంచం చూడండి. మజ్జిగ వచ్చింది, బజ్జీ పోయిందా? అంబలి వచ్చింది, ఇడ్లీలు నాలుగు నుంచి రెండయ్యాయా? ఎదురింటామె మధ్యలో మెట్ల దారిన కొండకు వెళ్ళి వచ్చింది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన పుణ్యాన్ని లడ్డూతో సరిపెట్టుకోకుండా, ఒక్కదాన్ని ఇంటిల్లిపాదికీ పంచింది. ఆమె నడుము ఇప్పుడు 91. చక్కెర పరీక్ష వచ్చే సోమవారం. ఈలోగా నా దగ్గర తోడు అయిపోయి నిన్న రాత్రి నేనే గిన్నె పట్టుకుని వాళ్ళ తలుపు తట్టాను.